మానవీయ, సామాజిక శాస్త్రాల్లో డాక్టరేట్ పరిశోధన: ఏన్కూరు అడవి అంచు చెప్పే సంగతులు

విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టాల్లో పీహెచ్‌డీ చివరిది. అంతకు ముందరి చదువంతా ఇతరులు కనుక్కున్నదాన్ని నేర్చుకోవడంతో గడుస్తుంది. పీహెచ్‌డీలో మాత్రం అభ్యర్థి తానే ఒక ప్రశ్న వేసుకుని, ఆధారాలు పోగుచేసి, తేల్చిన సంగతిని సిద్ధాంత గ్రంథంగా రాసి, ఆ శాస్త్రం తెలిసినవాళ్ల ముందు వైవాలో నిలబెట్టుకోవాలి. భౌతిక, రసాయన శాస్త్రాల్లో ఈ పని చాలావరకు ప్రయోగశాలలో జరుగుతుంది గనక దాని రూపం ఎవరి ఊహకైనా కొంత అందుతుంది. భాష, సాహిత్యం, చరిత్ర, తత్వం, కళలు చేరిన మానవీయ శాస్త్రాల్లోనూ, ఆర్థికం, రాజనీతి, సమాజం, మానవ సంస్కృతి, విద్య, న్యాయం, పాలన చేరిన సామాజిక శాస్త్రాల్లోనూ అది ఎన్ని రకాలుగా సాగుతుందో బయటివాళ్లకు తెలిసింది తక్కువ. ఒకరు తాళపత్రాల్లో పాఠాంతరాలు పోల్చి చూస్తారు. ఇంకొకరు తండాలో ఇంటింటి అప్పుల లెక్క రాసుకుంటారు. మరొకరు పాత రెవెన్యూ దస్త్రాల కట్టలు విప్పుకుంటూ కూర్చుంటారు. ఈ వైవిధ్యాన్ని గ్రంథాల పేర్ల పట్టిక చూసి కొలవడం మనకు అలవాటు. వంద పేర్లుంటే వంద రకాల పరిశోధన జరిగిందనుకుంటాం. ఆ కొలత పనికిరాదన్నది ఈ వ్యాసం వాదన. పరిశోధన ఎంత వైవిధ్యంగా ఉందో తెలియాలంటే ఎన్ని అంశాలు తీసుకున్నారని గాక, ఎన్ని రకాల ఆధారాలను నమ్మి పరీక్షించారని అడగాలి. అలా అడిగితే తెలుగు నేల మీద జరిగిన పరిశోధన కొన్నిచోట్ల మనం అనుకున్నదానికంటే లోతుగా, కొన్నిచోట్ల అనుకున్నదానికంటే ఇరుగ్గా కనిపిస్తుంది.

ఈ మాటను గాల్లో తేల్చకుండా ఒక చోట నిలిపి చూడవచ్చు. ఏన్కూరు ఖమ్మం జిల్లాలో మండల కేంద్రం. మైదానం ముగిసి అడవి మొదలయ్యే చోటు అది. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినప్పుడు ఏన్కూరు ఖమ్మంలోనే ఉండిపోయింది. పొరుగునున్న జూలూరుపాడు, చండ్రుగొండ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వెళ్లాయి. శాసనసభకు వచ్చేసరికి ఏన్కూరు, జూలూరుపాడు రెండూ షెడ్యూల్డ్ తెగలకు కేటాయించిన వైరా నియోజకవర్గంలోనే ఉన్నాయి. తిమ్మారావుపేట, గార్లఒడ్డు, నూకులంపాడు, జన్నారం వంటి ఊళ్ల మధ్య లంబాడా తండాలు, కోయ గూడేలు ఉంటాయి. కోస్తా నుంచి భూముల కోసం వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబాలు ఖమ్మం జిల్లా పల్లెల్లో చాలాచోట్ల ఉన్నాయి. పొలాల్లో పత్తి, మిరప. అడవి వైపు పోడు. ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష, ఆఫీసు కాగితంలో మరో భాష. ఇలాంటి చోట ఏ ఒక్క శాస్త్రమూ సొంతంగా పెద్ద దూరం పోలేదు. పోడు ఎవరిదన్నది న్యాయశాస్త్రం ప్రశ్న అవుతుంది. ఆ పోడు ఎప్పుడు కొట్టారన్నది చరిత్ర ప్రశ్న. ఆ సంగతి చెప్పే ముసలమ్మ మాట ఏ భాషలో ఉందన్నది భాషాశాస్త్రం ప్రశ్న. ఆమె మాటను ఆఫీసు ఎందుకు పక్కన పెట్టిందన్నది రాజనీతి శాస్త్రం ప్రశ్న.

భద్రాచలం గుడినే తీసుకున్నా ఇంతే. పాల్వంచ పరగణాకు తహశీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న గుడి కట్టించి గోల్కొండ చెరసాల పాలయ్యాడన్న కథ అందరికీ తెలుసు. సంగీత పరిశోధకులకు ఆ కథలో ఉన్నది కీర్తనల పాఠాలు, వాటి రాగాలు మారిన తీరు. కుతుబ్‌షాహీ చరిత్రకారులకు కావలసింది పరగణా పన్ను ఎలా వసూలయ్యేది, లెక్క ఎవరికి అప్పజెప్పేవాళ్లు అన్నది. ఆర్థికవేత్తకు యాత్రికుల రాకపోకల మీద బతికే ఊరు కనిపిస్తుంది. గుడి నిలిచిన కొండ చుట్టూ అంతకు ముందునుంచీ ఉన్న అడవి జనం కొలుపులకూ ఆ గుడికీ నడుమ ఏం జరిగిందన్నది మానవశాస్త్రం అడగాల్సిన సంగతి. నాలుగు సిద్ధాంత గ్రంథాలూ ఒకే గుడి మీదే వచ్చినా ఒకదాని ఆధారాలు మరొకదానికి పనికిరావు. ఒక దాని తప్పును మరొకటి పట్టివ్వగలదు కూడా. ఆ అవకాశం కోసమే వైవిధ్యం కావాలి.

పరిశోధన పీహెచ్‌డీతో పుట్టలేదన్న సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. నేటి రూపంలోని డాక్టరేట్ పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ విశ్వవిద్యాలయాల్లో రూపు దిద్దుకుంది. అమెరికాలో 1861లో యేల్ మొదటిసారి ఇచ్చింది. ఆక్స్‌ఫర్డు 1917 దాకా ఆగింది. తెలుగునాట కొమర్రాజు లక్ష్మణరావు, సురవరం ప్రతాపరెడ్డి, మధిర దగ్గరి దెందుకూరులో పుట్టిన ఆదిరాజు వీరభద్రరావు వంటి వాళ్లు ఏ గైడూ లేకుండా, ఏ ఫెలోషిప్పూ లేకుండా శాసనాలు, తాళపత్రాలు, జనం నోటి మాటలు వెదికారు. లక్ష్మణరాయ పరిశోధక మండలి 1935లో తెలంగాణ శాసనాలను అచ్చువేసింది. ప్రతాపరెడ్డి 1949లో అచ్చయిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కావ్యాల్లోని తిండి, బట్ట, ఆటపాటల ప్రస్తావనల్నే చరిత్ర ఆధారాలుగా వాడుకున్నారు. రాజుల వంశావళుల్లో దొరకనిది ఆయన ప్రబంధాల వర్ణనల్లో వెదికారు. కొత్త రకం ఆధారాన్ని చరిత్రలోకి తెచ్చిన పని అది. పట్టా లేదన్న మాటే గానీ, ఈ వ్యాసం చెప్పే కొలతలో అది మొదటి వరుసలో నిలుస్తుంది.

తెలుగు శాఖల్లో డాక్టరేట్లు మొదలయ్యాక ఆ ధైర్యం కొన్నిచోట్ల కొనసాగింది. ఉస్మానియాలో ఖండవల్లి లక్ష్మీరంజనం పర్యవేక్షణలో బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధనకు 1956లో డాక్టరేట్ వచ్చింది. 1958లో అది పుస్తకంగా అచ్చయింది. విశ్వవిద్యాలయంలో సాహిత్యమంటే అచ్చులోనో ఆకుల మీదో ఉన్నది మాత్రమే అని చెలామణి అయ్యే కాలం అది. నాట్లప్పుడు, దంపుళ్లప్పుడు ఆడవాళ్లు పాడుకునే పాటకూ ఛందస్సు ఉందని, వర్గీకరణకు లొంగుతుందని, పాఠాంతరాలు పోల్చి చూడవచ్చని నిరూపించడం చిన్న పని కాదు. తరవాత నాయని కృష్ణకుమారి జానపద గేయగాథల మీద, సి. నారాయణరెడ్డి ఆధునికాంధ్ర కవిత్వంలోని సంప్రదాయాలు, ప్రయోగాల మీద అదే విశ్వవిద్యాలయంలో పరిశోధన చేశారు. వీటన్నిటికంటే విడిగా కనిపించేది కేతు విశ్వనాథరెడ్డి పని. కథకుడిగా పేరున్న ఆయన డాక్టరేట్ కోసం కడప జిల్లా ఊళ్ల పేర్లను ఎంచుకున్నారు. ఊరి పేరు మీద పని చేసేవాళ్లు శాసనం చదవాలి, రెవెన్యూ గ్రామాల జాబితా చూడాలి, ఊరి పెద్దలు చెప్పే కథ వినాలి, ఆ మూడింటిలో ఏది ఎంతవరకు నమ్మదగిందో తూచాలి. పాడు, పేట, గూడెం, తండా కలిసిపోయిన ఏన్కూరు చుట్టుపక్కల అలాంటి పని ఒకటి జరిగితే ఎవరు ముందు వచ్చారు, ఎవరు తరవాత వచ్చారన్న గొడవలో వెలుగు పడుతుంది.

భాషాశాస్త్రం దగ్గర తెలుగు నేలకు నిజంగా గర్వించదగ్గ వాటా ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద చేసిన పరిశోధనకు 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం డాక్టరేట్ ఇచ్చింది. 1961లో అది కాలిఫోర్నియాలో పుస్తకమై ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి ఆధార గ్రంథాల్లో ఒకటైంది. ఖమ్మం జిల్లా ఇల్లిందలపాడులో పుట్టిన చేకూరి రామారావు కార్నెల్ విశ్వవిద్యాలయంలో తెలుగు వాక్యం మీద పని చేసి, తిరిగొచ్చాక ఆ సంగతుల్ని తెలుగులోనే తెలుగు వాక్యం అన్న పుస్తకంగా రాశారు. కోయ భాష వంతు మరో దారిలో వచ్చింది. అమెరికా మానవశాస్త్రవేత్త స్టీఫెన్ టైలర్ గోదావరి ఒడ్డున బతికే గొమ్ము కోయల మధ్య పని చేసి 1960ల్లో స్టాన్‌ఫర్డులో డాక్టరేట్ పొందారు. ఆయన రాసిన గొమ్ము కోయ వ్యాకరణం 1969లో వచ్చింది. ఆయన 1966లో కోయల బంధుత్వ పదాల మీద రాసిన వ్యాసాన్ని దగ్గరగా చూడాలి. అంతకు ముందు మానవశాస్త్రజ్ఞులు మామ, అత్త, బావ, వదిన వంటి పదాలకు ఒక పట్టిక గీసి, ఫలానా చుట్టానికి ఫలానా పిలుపు అని తేల్చేవారు. టైలర్ ఆ పట్టిక చాలదన్నారు. మాట్లాడేది ఎవరు, పక్కన వింటున్నది ఎవరు, అక్కడ కోయ నడుస్తోందా తెలుగు నడుస్తోందా అన్నదాన్ని బట్టి అదే మనిషికి పిలుపు మారుతుందని చూపించారు. తెలుగు ఇంట పెరిగినవాళ్లకు ఇందులో వింత లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఒకలా, అత్తగారి ముందు మరోలా పిలుచుకోవడం మన ఇళ్లలోనూ ఉన్నదే. అయితే అందరికీ తెలిసినట్టున్న ఆ సంగతి ఒక శాస్త్రం వాడుతున్న పద్ధతినే తప్పుపట్టగలదని నిరూపించడానికి గోదావరి ఒడ్డు మాట కావలసి వచ్చింది. చిన్న జనం భాష మీద పరిశోధన చిన్న పరిశోధన అనేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

మానవశాస్త్రం ఈ అడవిలో అంతకంటే ముందే అడుగుపెట్టింది. 1870ల్లో దుమ్ముగూడెంలో ఉన్న క్రైస్తవ మిషనరీ జాన్ కెయిన్ భద్రాచలం, రేకపల్లి తాలూకాల కోయల గురించి రాసినవి ఇప్పటికీ ఉదహరిస్తారు. వియన్నాలో డాక్టరేట్ పొందిన క్రిస్టాఫ్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధ కాలంలో హైదరాబాదు సంస్థానంలో ఉండిపోవాల్సి రావడం ఈ ప్రాంత పరిశోధనకు కలిసొచ్చిన సంగతి. చెంచులు, గోండులతో పాటు పాపికొండల కొండరెడ్ల మీద ఆయన 1945లో పుస్తకం తెచ్చారు. వెదురు కాంట్రాక్టర్ల చేతిలో కొండరెడ్లు ఎలా అప్పుల్లో చిక్కుకున్నారో అందులో ఉంది. దశాబ్దాల తరవాత ఆయన అవే ప్రాంతాలకు తిరిగొచ్చి చూసినప్పుడు ఆదివాసుల చేతిలో ఉన్న భూమి ఎంత జారిపోయిందో కొలవగలిగారు. 1982 నాటి ఆయన పుస్తకంలో ఆ పోలిక ఉంది. 1940ల్లో రాసుకున్న నోట్లు లేకపోతే ఆ పోలిక లేదు. పరిశోధన ఫలితం ఎప్పుడు అవసరపడుతుందో అది జరిగే రోజున ఎవరూ చెప్పలేరన్న మాటకు ఇది గట్టి సాక్ష్యం. అయినా ఈ పనికి ఒక పరిమితి ఉంది. హైమెండార్ఫ్ నిజాం ప్రభుత్వానికి సలహాదారుగానూ పని చేశారు. పాలించేవాళ్లు అడిగిన ప్రశ్నలు ఆయన ప్రశ్నల్లోకి దూరకుండా ఉన్నాయని అనలేం.

ఆ లోటు పూడ్చేది లోపలి నుంచి వచ్చినవాళ్ల చరిత్ర రచన. భంగ్యా భూక్యా ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో నిజాం పాలనలోని లంబాడాల చరిత్ర మీద డాక్టరేట్ చేశారు. 2010లో అది పుస్తకమైంది. ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసుకుంటూ దక్కను అంతా తిరిగిన జనం రైళ్లు, రోడ్లు వచ్చి బేరం పోయాక పశువుల కాపరులుగా, కూలీలుగా, సాగుదార్లుగా ఎలా మారారు, ఆ మార్పు మధ్యలో సర్కారు వాళ్ల మీద నేరస్థుల ముద్ర ఎలా వేసింది అన్నది ఆ కథ. ఆయన వాడినవి చాలావరకు సర్కారు దస్త్రాలే. లంబాడా సమాజం నుంచి వచ్చినవాడు గనక ఆ దస్త్రాలను అవి రాసినవాళ్ల కళ్లతో చదవలేదు. ఏన్కూరు తండాలు ఇక్కడికి ఎలా వచ్చాయో తెలుసుకోవాలంటే మొదలు పెట్టాల్సిన చోటు అదే. 1976 చట్టంతో తెలంగాణ లంబాడాలకు షెడ్యూల్డ్ తెగ హోదా వచ్చింది. అప్పటినుంచి కోయలు, గోండులతో రిజర్వేషన్ల వాటా విషయంలో నడుస్తున్న వివాదానికీ ఆ చరిత్రతో ముడి ఉంది. దీనికి ఎదురుగా అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో సింథియా టాల్బట్ చేసిన కాకతీయుల కాలపు దాన శాసనాల అధ్యయనాన్ని పెట్టి చూడండి. అక్కడ మాట్లాడే మనుషులు లేరు, రాళ్లే ఉన్నాయి. ఎవరు దానం చేశారు, పేరు ముందు వెనక ఏ బిరుదు పెట్టుకున్నారు అన్నది వందల శాసనాల్లో లెక్కించి, మధ్యయుగపు ఆంధ్రదేశం కదలని సమాజం కాదని ఆమె వాదించారు. ఇనుకొండ తిరుమలి తెలంగాణ సాయుధ పోరాటాన్ని దొరల గడీల చుట్టూ ఉన్న పల్లె జీవితం నుంచి చదివారు. ఆ పోరాటంలోని ఆడవాళ్ల మాటల్ని మాత్రం విశ్వవిద్యాలయం గాక స్త్రీశక్తి సంఘటన అనే బృందం పోగుచేసి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. విశ్వవిద్యాలయం వదిలేసిన ఆధారాన్ని బయటివాళ్లు పట్టుకోవడం ప్రతాపరెడ్డి తరంతో ఆగిపోలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

భూమి దగ్గరికి వచ్చేసరికి శాస్త్రాల మధ్య గోడలు మరీ పలచబడతాయి. ఏజెన్సీలో, అంటే గిరిజనుల షెడ్యూల్డ్ ప్రాంతంలో, గిరిజనేతరుల చేతికి భూమి మారకూడదన్న 1959 నాటి నిబంధనను 1970లో గట్టిపరిచారు. ఈ ప్రాంతంలో దాన్ని అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారు. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని చూపాల్సిన భారం పట్టుకున్నవాడిది. కాగితం మీద ఇంత బలమైన చట్టం ఉండగా భూమి ఎలా జారిపోయిందన్నది తీర్పులు చదివితే కొంత, తహశీల్ ఆఫీసులో కూర్చుంటే కొంత, గూడెంలో వడ్డీల లెక్క అడిగితే కొంత తెలుస్తుంది. కాకతీయ విశ్వవిద్యాలయంలో బుర్రా జనార్దనరావు గిరిజన ప్రాంతాల్లో భూముల అన్యాక్రాంతం మీద చేసిన అధ్యయనం 1987లో వెలువడింది. 2006 అటవీ హక్కుల చట్టం మరో మెట్టు ఎక్కింది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నట్టు చూపమంటూనే, దాని నిబంధనలు పెద్దల వాంగ్మూలాన్ని, పాత బావినీ, ఇంటి ఆనవాలునూ, పూర్వీకుల సమాధులనూ రుజువులుగా ఒప్పుకున్నాయి. రుజువు ఎన్నో రూపాల్లో ఉంటుందని ఇక్కడ చట్టమే ఒప్పుకుంది. ఆ వాంగ్మూలాన్ని ఎలా తీసుకోవాలి, ఎలా సరిచూడాలి అన్న పద్ధతి మాత్రం మానవశాస్త్రం, మౌఖిక చరిత్ర పరిశోధనలు చేసినవాళ్ల దగ్గరే ఉంది.

2022 అక్టోబరులో ఉస్మానియా విశ్వవిద్యాలయం దనసరి అనసూయకు, అంటే అందరూ సీతక్కగా పిలిచే ములుగు ఎమ్మెల్యేకు, రాజనీతి శాస్త్రంలో డాక్టరేట్ ఇచ్చింది. ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల్లోకి వలస వచ్చిన గొత్తికోయలు సమాజం నుంచి ఎలా వెలివేతకు గురయ్యారు, ఏమేమి అందకుండా పోయాయి అన్నది ఆమె విషయం. ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు ఎదురుగా సల్వాజుడుం నడిచిన కాలంలో ఊళ్లు విడిచి వచ్చిన ఈ జనానికి తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ గుర్తింపు లేదు. 2005 గడువు తరవాత వచ్చినవాళ్లకు పోడు పట్టా దారి కూడా మూసుకుపోయింది. ఆమెకు డాక్టరేట్ వచ్చిన మరుసటి నెలలోనే ఏన్కూరు పొరుగు మండలం చండ్రుగొండలోని ఎర్రబోడు దగ్గర, పోడు భూమిలో నాటిన మొక్కల వివాదంలో గొత్తికోయల చేతిలో అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యారు. ఒక సిద్ధాంత గ్రంథం అలాంటి చావును ఆపగలదని చెప్పడం అతిశయోక్తి. అయితే ఎర్రబోడు వార్తలు పట్టణాల్లో చదివినవాళ్లకు ఆ జనం ఎవరు, ఎక్కడి నుంచి వచ్చారు, ఎందుకు ఏ జాబితాలోనూ లేరు అన్న ప్రశ్నలకు జవాబు దొరికే చోటు అలాంటి పరిశోధనే.

పత్తి చేల మీదా ఇలాగే ఊహించని దిక్కు నుంచి డాక్టరేట్లు వచ్చాయి. సెంట్ లూయీలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ఫ్లాక్స్ తెలంగాణ పత్తి రైతుల మధ్య క్షేత్ర పరిశోధన చేశారు. 2019లో వచ్చిన ఆయన పుస్తకం బీటీ విత్తనం వేసే రైతునూ సేంద్రియ సాగు చేసే రైతునూ పక్కపక్కన పెట్టి చూస్తుంది. అంతకు ముందే మానవశాస్త్రజ్ఞుడు గ్లెన్ స్టోన్ వరంగల్ జిల్లాలో చూసి 2007లో రాసిన సంగతి ఏన్కూరు రైతుకు బాగా అర్థమవుతుంది: ఏటేటా విత్తనాల పేర్లు మారిపోతుంటే రైతు తన చేలో తాను చూసి నేర్చుకునే వ్యవధి ఉండదు, పక్కవాడు ఏ సంచి కొన్నాడో చూసి అదే కొంటాడు. దిగుబడి అంకెలు మాత్రమే చూసే ఆర్థికవేత్తకు ఇది కనపడదు. చేను గట్టున నిలబడ్డ మానవశాస్త్రజ్ఞుడికి దిగుబడి సగటు తెలియదు. ఇద్దరూ కావాలి.

ఈ వరుసలో జానపద కళల పరిశోధన విడిగా చెప్పుకోదగ్గది. కోయల్లో మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ వంశాల విభజన ఉంది. ఒకే గట్టువాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఆయా గట్ల వేల్పుల కథలు బొమ్మలుగా వేసిన పొడవాటి గుడ్డను పడిగె అంటారు. కొలుపుల్లో దాన్ని విప్పి, వాయిద్యంతో వంశ చరిత్ర పాడతారు. చదువురాని మణుగూరు ప్రాంతపు కోయ కళాకారుడు సకినె రామచంద్రయ్య కంచుమేళం, కంచుతాళంతో ఆ కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో కన్నుమూశారు. పడిగె మీద పని చేసే పరిశోధకుడికి ఆ గుడ్డ చిత్రలేఖనం, ఆ పాట సాహిత్యం, దానిలోని గట్లు బంధుత్వ నియమం, దానిలోని యుద్ధాలు చరిత్ర, దాన్ని విప్పే రోజు మతాచారం. ఈ అయిదింటిని అయిదు శాఖలకు పంచేస్తే పడిగె మిగలదు. పేరుకు జానపద విజ్ఞానమైనా ఇలాంటి పనికి అన్ని శాస్త్రాల పరికరాలూ కావాలి. ఆ పాటలోని జ్ఞానం కళాకారుడిదే. పరిశోధకుడికి పట్టా వచ్చి పాడినవాడి పేరు కృతజ్ఞతల పేజీలో ఒక్క వాక్యంతో సరిపుచ్చే అలవాటు అన్యాయమైనది. అది మారాలి.

ఇంత సంపద ఉన్నా, గ్రంథాలయాల్లో వరుసగా పేర్చిన సిద్ధాంత గ్రంథాలు తిరగేస్తే మరో బొమ్మ కనిపిస్తుంది. ఫలానా కవి రచనలు: పరిశీలన, ఫలానా నవలల్లో స్త్రీ పాత్రలు, ఫలానా మండలంలో స్వయం సహాయక బృందాలు: సామాజిక, ఆర్థిక అధ్యయనం. కవి పేరు మారుతుంది, మండలం పేరు మారుతుంది, అధ్యాయాల వరుస మారదు. సాహిత్యంలో అయితే జీవితం, రచనల పరిచయం, వస్తువు, శిల్పం, ముగింపు. సామాజిక శాస్త్రంలో అయితే జిల్లా స్వరూపం, నూటికి పైగా ఇళ్లకు ప్రశ్నావళి, శాతాల పట్టికలు, సూచనలు. శీర్షికలు వెయ్యి, ఆధారం రెండు మూడు రకాలు. తప్పు విద్యార్థుల మీద వేస్తే సరిపోదు. గైడు చేసిన అంశానికి దగ్గరగా లేకపోతే రిజిస్ట్రేషన్ కష్టం. కోయ భాష నేర్చుకుని క్షేత్రంలోకి వెళ్లాలంటే ఒక ఏడాది భాషకే పోతుంది, ఫెలోషిప్పు ఇచ్చేవాళ్లకు ఆ ఏడాదికి లెక్క చెప్పాలి. ఫెలోషిప్పు లేనివాళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ సెలవుల్లో క్షేత్రానికి వెళ్తారు. ప్రశ్నావళికి ఆ సెలవులు చాలుతాయి, పంట కాలమంతా ఒక గూడెంలో ఉండటానికి చాలవు. 2016 యూజీసీ నిబంధనలు గ్రంథం సమర్పించే ముందు పత్రిక వ్యాసం అచ్చు కావాలన్నాయి. డబ్బు తీసుకుని ఏదైనా అచ్చువేసే పత్రికలకు అది గిరాకీ తెచ్చింది. 2022 నిబంధనలు ఆ షరతును తీసేశాయి, ఎం.ఫిల్‌నూ ఎత్తేశాయి. షరతు పోవడం మంచిదే. ఎం.ఫిల్ పోవడంతో మాత్రం క్షేత్రంలో చిన్న ఎత్తున తప్పులు చేసి నేర్చుకునే మెట్టు పోయింది.

ఈ వాదనకు ఎదురు మాటలు లేకపోలేదు. మొదటిది ప్రయోజనం గురించి: పన్నుల డబ్బుతో జానపద పాటలూ ఊళ్ల పేర్లూ ఎందుకు, ఉద్యోగాలు వచ్చే చదువులు చాలు అంటారు. హైమెండార్ఫ్ నోట్లు, అటవీ హక్కుల నిబంధనలో పెద్దల వాంగ్మూలానికి వచ్చిన విలువ దీనికి జవాబు చెబుతాయి. ఉద్యోగాల సంగతి నిజమైన బాధ. విశ్వవిద్యాలయాల్లో ఖాళీలు ఏళ్ల తరబడి నింపకుండా పీహెచ్‌డీలు పెంచడం యువతకు ద్రోహం. ఆ బాధకు మందు ఖాళీలు నింపడం. అంశాలు కుదించడం కాదు. రెండో మాట మరింత లోతైనది. ప్రతి ఒక్కరూ తమ ఊరి మీద, తమ కులం మీద, తమ తెగ మీద పరిశోధన చేస్తే పోల్చి చూసే శాస్త్రం ఎక్కడ మిగులుతుంది? లోపలివాడికి తనవాళ్ల తప్పు కనపడుతుందా? ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. అయితే బయటివాళ్లకూ కళ్లకు గంతలుంటాయి; హైమెండార్ఫ్‌కు పాలకుల అవసరం అలాంటిదే. లోపలివాడైన భూక్యాను ఆయన వాడిన దస్త్రాలతో ఎవరైనా సరిచూడవచ్చు. సరిచూసే వీలుండటమే శాస్త్రం. అది పరిశోధకుడి పుట్టుకను బట్టి రాదు, అతను చూపిన ఆధారాన్ని బట్టి వస్తుంది. పోలిక కూడా అంతే: టైలర్ గొమ్ము కోయల దగ్గర కనుక్కున్నది ప్రపంచమంతటి బంధుత్వ అధ్యయనాలకూ పనికొచ్చింది. చిన్న చోటు మీద లోతైన పని పోలికకు అడ్డు రాదు, పైపైన పది జిల్లాల ప్రశ్నావళి అడ్డొస్తుంది.

మూడో మాట భాష గురించి. సామాజిక శాస్త్రాల సిద్ధాంత గ్రంథాలు దాదాపు అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. ఇప్పుడు సిద్ధాంత గ్రంథాల ఇంటర్నెట్ భాండారమైన శోధ్‌గంగలో ఉచితంగా దొరుకుతున్నా, ఏన్కూరులో ఆ ప్రశ్నావళికి జవాబు చెప్పిన మనిషి వాటిని చదవలేడు. ఇంగ్లీషులో రాస్తేనే ప్రపంచం చదువుతుందన్నది నిజమే. చేకూరి రామారావు రెండూ చేశారు కదా. పరిశోధన సారాన్ని వంద పేజీల తెలుగులో రాసి, పని చేసిన ఊరి పంచాయతీకి, బడికి ఇవ్వాలన్న షరతు ఏ విశ్వవిద్యాలయమైనా పెట్టుకోవచ్చు. దానివల్ల పరిశోధన మెరుగవుతుంది కూడా: తన గురించి రాసింది తప్పని చెప్పగల పాఠకుడు పరీక్షకుడి కంటే కఠినంగా ఉంటాడు.

ఇప్పుడు ఏన్కూరు ప్రాంతంలోనే కొత్త ప్రశ్న ఒకటి రూపు కడుతోంది. సీతారామ ఎత్తిపోతల పథకం కింద దుమ్ముగూడెం దగ్గర గోదావరి నీళ్లు ఎత్తి పారించే కాలువ ఏన్కూరు వైపు వచ్చి, అక్కడి లింకు కాలువతో నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు కలుస్తోంది. నీళ్లు నిలకడగా పారితే పత్తి, మిరప నుంచి వరికి ఎంత భూమి మారుతుంది, కౌలు రేటు ఎలా పెరుగుతుంది, పోడు మీద ఒత్తిడి తగ్గుతుందా పెరుగుతుందా, తండాల నుంచి కూలీకి వెళ్లేవాళ్లు ఆగుతారా, కాలువకు పోయిన భూమి ఎవరి పేరున ఉండేది అన్న ప్రశ్నలకు పదేళ్ల తరవాత జవాబు కావలసి వస్తుంది. అప్పుడు పోల్చి చూడటానికి ఇప్పటి కౌలు ఒప్పందాలు, ఇప్పటి అప్పుల లెక్కలు, ఇప్పటి పంటల పటాలు, ఇప్పుడు పెద్దలు చెప్పే మాటలు రాసి ఉండాలి. వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయానికి ఏన్కూరు దూరమేమీ కాదు. ములుగులో 2023 చివర పార్లమెంటు చట్టంతో ఏర్పడిన సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయమూ దూరం కాదు. ఒక ఆర్థికశాస్త్ర విద్యార్థి, కోయ తెలిసిన ఒక భాషాశాస్త్ర విద్యార్థి, రెవెన్యూ దస్త్రాలు చదవడం వచ్చిన ఒక చరిత్ర విద్యార్థి కలిసి ఈ కాలువ దారిలోని గ్రామాలను పంచుకుని రిజిస్టరు చేసుకోవడానికి ఇప్పటి నిబంధనల్లో ఏ అడ్డంకీ లేదు.